చిప్పులో ఉన్నది ముందు కాపీ తీసుకున్నారా?

ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి బయాస్ మీద వచ్చినవే తీసుకున్నా. సెలవుల ప్రభావమో ఏమో గానీ అందరూ ఒకేసారి మదర్‌బోర్డుల మీద పడ్డారు. బయాస్ అంటే ఏంటో మొదట్నుంచీ చెప్పను. ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచి ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ నిద్రలేపే ప్రోగ్రామ్ అది, బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్పులో ఉంటుంది, అంతవరకు చాలు. ఇప్పుడొచ్చేవాటిని యూఈఎఫ్ఐ అనాలి నిజానికి, కానీ షాపులోనూ ఇంట్లోనూ బయాస్ అనే మాటే ఉండిపోయింది కాబట్టి నేనూ అలాగే రాస్తున్నా.

ప్రశ్న: నమస్తే సార్. గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. నా పీసీలో బీ450 బోర్డు, రైజెన్ 3 2200జీ ఉన్నాయి. సెకండ్‌హ్యాండ్‌లో రైజెన్ 5 5600 దొరుకుతోంది. బయాస్ అప్‌డేట్ చేస్తేనే పనిచేస్తుందంటున్నారు. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోతుందని భయంగా ఉంది. ఎవరో మార్పులు చేసి పెట్టిన మాడ్ బయాస్ వేస్తే ఇంకా బాగుంటుందని ఫ్రెండ్ అంటున్నాడు, వెయ్యమంటారా?

జవాబు: ఆ ఫ్రెండ్‌కి ఒక టీ ఇప్పించి పంపించేయండి. మీకు మాడ్‌తో పనే లేదు, కంపెనీ సైట్లో ఉన్న మామూలు అప్‌డేట్ చాలు. 2020 మే మొదట్లో ఏఎండీ వాళ్లు బీ450కి ఈ ప్రాసెసర్లు రావని చెప్పారు, చాలా బోర్డుల్లో బయాస్ చిప్పు 16 ఎంబీయే, అన్ని ప్రాసెసర్ల కోడూ అందులో పట్టదని కారణం చూపించారు. జనం గోల చేసేసరికి అదే నెలలో మాట మార్చుకుని సపోర్ట్ ఇస్తామన్నారు. చోటు కోసం కొన్ని కంపెనీలు మరీ పాత ప్రాసెసర్ల కోడ్ తీసేశాయి, మెనూల్లో బొమ్మలు తగ్గించాయి. అందుకే కొత్త బయాస్ వేశాక స్క్రీన్ కాస్త బోసిగా కనిపిస్తే కంగారు పడకండి.

అయితే ఇంకో సంగతి, ఇది మీరు అడగలేదు గానీ చెప్పకపోతే డబ్బులు పోతాయి. 2200జీలో గ్రాఫిక్స్ లోపలే ఉంది, 5600లో లేదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ప్రాసెసర్ మార్చాక స్క్రీన్ నల్లగానే ఉంటుంది, అప్పుడు మీరు బయాసే పాడైందనుకుని మళ్లీ మళ్లీ ఫ్లాష్ చేస్తూ, అంటే చిప్పులో బయాస్‌ని తిరిగి రాస్తూ కూర్చుంటారు. కార్డు లేకపోతే 5600జీ చూడండి.

ఇక పద్ధతి. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే అప్‌డేట్ చేయాలి. బోర్డు పేరు ఒక్కటే సరిపోదు, మూలన రివిజన్ నంబర్ కూడా ప్రింట్ చేసి ఉంటుంది, అదే పేరుతో వీ2 అని ఇంకో బోర్డు ఉంటుంది, రెండింటి ఫైళ్లూ వేరు. కంపెనీ పేజీలో ప్రతి వెర్షన్ కింద ఒక లైను రాసి ఉంటుంది, ముందు ఫలానా వెర్షన్ వేశాకే ఇది వేయాలి అని, దాన్ని ఎవరూ చదవరు, మీరు చదవండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్ అన్‌జిప్ చేసి పెట్టి, విండోస్‌లోంచి కాకుండా బయాస్ మెనూలో ఉండే టూల్‌తోనే చేయండి. ఆసుస్‌లో ఈజీ ఫ్లాష్, ఎంఎస్ఐలో ఎం ఫ్లాష్, గిగాబైట్‌లో క్యూ ఫ్లాష్, పేరు ఏదైనా పని ఒకటే. విండోస్‌లో చేస్తుంటే మధ్యలో యాంటీవైరసో ఇంకోటో అడ్డం పడొచ్చు, ఆ తలనొప్పి మనకెందుకు. ప్రాసెసర్ వేగం పెంచే ఓవర్‌క్లాక్, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంటే ముందు డీఫాల్ట్ సెట్టింగ్స్ పెట్టేయండి.

కరెంటు విషయానికొస్తే, ఫ్లాష్ చేసేది కొద్ది నిమిషాలే, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని లైన్లోనో, లేదా పక్కింటి వాళ్ల యూపీఎస్ ఒక పూట అడిగి తెచ్చో పెట్టుకోండి. మబ్బు పట్టిన సాయంత్రం మాత్రం ముట్టుకోకండి. అయ్యాక మొదటిసారి ఆన్ చేస్తే ర్యామ్‌ని కొత్తగా సరిచూసుకుంటూ చాలాసేపు ఏమీ చూపించదు, రెండు మూడు సార్లు దానంతట అదే ఆగి ఆన్ అవుతుంది కూడా. ఆ టైమ్‌లో భయపడి స్విచ్ ఆపేసే వాళ్లే ఎక్కువ. పది నిమిషాలు బయటికి వెళ్లి రండి.

డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాన్ని ముందే సస్పెండ్ చేయాలి, లేకపోతే అప్‌డేట్ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడ రాసుకున్నారో గుర్తులేదంటే ఫైళ్ల మీద ఆశ వదులుకోవడమే.

ప్రశ్న: బాబూ, నేను రాజమండ్రిలో రిటైర్డ్ టీచర్ని. పదేళ్ల నాటి కంప్యూటర్. రోజూ ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమంటుంది, తారీఖు ఎప్పటిదో చూపిస్తుంది. షాపతను బయాస్ పోయింది, రీఫ్లాష్ చేయాలి అని చెప్పి ఎక్కువే అడిగాడు. ఇచ్చేయమంటావా?

జవాబు: వద్దు మాస్టారూ. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్2032 అని దాని మీదే రాసి ఉంటుంది, వాచీల షాపులో దొరుకుతుంది. కరెంటు తీసేసి అది మార్చి, బయాస్‌లోకి వెళ్లి టైమ్ సరిచేస్తే సరిపోతుంది. మారిస్తే కూడా అలాగే ఉంటే అప్పుడు రాయండి, చూద్దాం.

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు. లాప్‌టాప్‌లో బయాస్ అప్‌డేట్ అని వస్తే ఓకే కొట్టాను, సగంలో ఆగిపోయింది. ఇప్పుడు పవర్ లైట్ వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ రాదు. సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మార్చాలన్నారు, ఆ ధరకి సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ వస్తుంది. ఆన్‌లైన్‌లో చిప్పులో రాసే ప్రోగ్రామర్ అనే చిన్న పరికరం కొని నేనే చేసుకోవచ్చా? ఇదే మోడల్ చిప్పులోంచి ఎవరో తీసిన డంప్ ఫైల్ నెట్‌లో దొరికింది కూడా.

జవాబు: చేసుకోవచ్చు, కానీ ఆ దొరికిన ఫైల్ ముందు ఫోల్డర్‌లో పెట్టి తాళం వేయండి, ఎందుకో చెప్తా.

మొదట ఖర్చు లేని దారి. హెచ్‌పీ వాటిలో విండోస్ కీ, బీ రెండూ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే రికవరీ మొదలవుతుంది. డెల్‌లో చాలా మోడల్స్‌కి కంట్రోల్, ఎస్కేప్ పట్టుకుని చార్జర్ పెట్టాలి. మీది వేరే కంపెనీ అయినా ఇలాంటి కీ ఏదో ఒకటి ఉండొచ్చు, సపోర్ట్ పేజీలో బయాస్ రికవరీ అని వెతకండి. కొన్నిసార్లు ఇంతటితో లేచి కూర్చుంటుంది.

లేవలేదనుకోండి, అప్పుడు సీహెచ్341ఏ ప్రోగ్రామర్, దాంతోపాటు ఎనిమిది కాళ్ల చిప్పుకి పట్టుకునే క్లిప్పు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగినా దొరుకుతాయి. కొనేముందు ఒకటి చూడండి, బాగా చవగ్గా వచ్చే నల్ల బోర్డు రకంలో చిప్పుకి కరెంటు 3.3 వోల్టులే ఇచ్చినా డేటా లైన్లలో మాత్రం 5 వోల్టులు వస్తాయి. చాలా చిప్పులు తట్టుకుంటాయి, తట్టుకున్నాయి కదా అని అందరూ అదే వాడేస్తారు, కానీ ఆ లైన్లు చిప్పుతో ఆగవు, వాటికి ఆ చివర మెయిన్ చిప్‌సెట్ ఉంటుంది. వోల్టేజ్ మార్చుకునే స్విచ్ ఉన్న రకం దొరికితే కాస్త ఎక్కువైనా అది తీసుకోండి.

తర్వాత చిప్పు మీద రాసింది చదవండి, కనబడకపోతే ఫోన్ కెమెరాలో జూమ్ చేసి, లేదా సుద్ద ముక్క రుద్ది చూడండి. విన్‌బాండ్ వాళ్ల 25క్యూ128 అంటే 128 మెగాబిట్లు, ఎనిమిదితో భాగిస్తే 16 ఎంబీ. దాని చివర ఎఫ్‌వీ గానీ జేవీ గానీ ఉంటే 3.3 వోల్టుల చిప్పు. ఎఫ్‌డబ్ల్యూ, జేడబ్ల్యూ ఉంటే 1.8 వోల్టులది. మాక్రోనిక్స్‌లో 25ఎల్ అంటే 3.3, 25యూ అంటే 1.8. గిగాడివైస్‌లో 25క్యూ అంటే 3.3, 25ఎల్‌క్యూ అంటే 1.8. లాప్‌టాప్‌ల్లో 1.8 రకం బాగానే తగులుతుంది, దానికి మధ్యలో పెట్టే చిన్న అడాప్టర్ విడిగా అమ్ముతారు, అది లేకుండా 3.3 పెట్టేస్తే ఇప్పటిదాకా పాడైంది లోపల రాత ఒక్కటే, ఇక చిప్పు కూడా పోతుంది.

ఇప్పుడు చార్జర్ తీసేయండి, బ్యాటరీ కనెక్టర్ పీకేయండి, చిన్న సెల్ ఉంటే అదీ. పవర్ బటన్ ఒక అరనిమిషం నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు దిగిపోతుంది. చిప్పు మీద ఒక మూల చుక్క ఉంటుంది, అది ఒకటో కాలు. క్లిప్పు కేబుల్‌లో ఎర్ర వైరు ఆ వైపు రావాలి. తిరగేసి పెడితే చిప్పు వేడెక్కుతుంది, వేలు పెట్టి చూసి చురుక్కుమంటే వెంటనే తీసేయండి.

అసలు మాట ఇప్పుడు. రాయొద్దు. చదవండి. చిప్పులో ఉన్నది ఉన్నట్టు ఒక ఫైల్‌గా తీసుకోండి, ఫ్లాష్‌రోమ్‌తో అయినా వేరే సాఫ్ట్‌వేర్‌తో అయినా. క్లిప్పు తీసి మళ్లీ పెట్టి ఇంకోసారి తీసుకోండి. మూడోసారి కూడా. మూడు ఫైళ్ల హాష్, అంటే ఫైల్ వేలిముద్ర లాంటి కోడ్, ఒకటే రావాలి, విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్‌తోనే చూసుకోవచ్చు, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఒక్క బైటు తేడా ఉన్నా క్లిప్పు సరిగా కూర్చోలేదని అర్థం. ఫైల్ మొత్తం ఎఫ్ఎఫ్ అనే గానీ సున్నాలు గానీ ఉంటే అసలు కూర్చోనే లేదని. 16 ఎంబీ చిప్పైతే ఫైల్ సరిగ్గా 1,67,77,216 బైట్లు ఉండాలి. ఇంటెల్ బోర్డు అయితే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి రెండో వరస మొదట్లో చూడండి, 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ అని నాలుగు బైట్లు కనిపిస్తే మీరు చదివింది నిజంగా బయాస్ చిప్పే.

పాడైపోయినదాన్ని కాపీ తీసి ఏం చేసుకోవాలి అంటారా? పాడైంది మొత్తం కాదు కదా. ఇంటెల్ మెషీన్‌లో ఆ చిప్పు నాలుగైదు గదుల ఇల్లు లాంటిది. మొదటి గదిలో ఏ గది ఎక్కడుందో చెప్పే పటం, ఇంకో గదిలో చిప్‌సెట్ లోపల నడిచే ఇంటెల్ సొంత ప్రోగ్రామ్ మేనేజ్‌మెంట్ ఇంజిన్, లాన్ పోర్టు ఇంటెల్‌దైతే దాని మ్యాక్ అడ్రస్‌కి ఒక గది, చివర పెద్ద గదిలో బయాస్. మీ లాప్‌టాప్ సీరియల్ నంబర్, విండోస్ 8 వచ్చినప్పటి నుంచీ కొత్త లాప్‌టాప్‌తో వచ్చే విండోస్ లైసెన్స్ కీ, ఇవన్నీ కూడా ఆ చిప్పులోనే ఉంటాయి. నెట్‌లో దొరికిన ఫైల్ ఇంకెవరిదో మెషీన్‌ది. అది మొత్తంగా రాసేస్తే లాప్‌టాప్ ఆన్ అవ్వొచ్చు, కాకపోతే అతని సీరియల్ నంబర్‌తో ఆన్ అవుతుంది, మీ విండోస్ కీ పోతుంది, మేనేజ్‌మెంట్ ఇంజిన్ కుదరక అరగంటకోసారి ఆగిపోయే మెషీన్లు కూడా చూశాను. షాపుల్లో బయాస్ వేయించుకున్నాక విండోస్ యాక్టివేట్ కావట్లేదు అనే వాళ్ల కథ చాలావరకు ఇదే.

అందుకని మీ డంప్‌నే బయాస్ ఫైళ్లు విప్పి చూపే యూఈఎఫ్ఐటూల్‌లో తెరిచి, కంపెనీ సైట్లోంచి దించిన అప్‌డేట్‌లోంచి బయాస్ భాగం ఒక్కటే తీసి మీదాంట్లో పెట్టాలి, సీరియల్, కీ ఉన్న చోటు మీ పాతదాంట్లోంచి తెచ్చుకోవాలి. కంపెనీ ఫైల్‌ని నేరుగా చిప్పులో రాయకండి, దానికి ముందు ఒక హెడర్ అతికించి ఉంటుంది, సైజు చూస్తేనే తెలుస్తుంది, చిప్పు కంటే సరిగ్గా 2048 బైట్లు ఎక్కువ ఉన్నవి ఎన్నో. ఈ అతుకుల పని మొదటిసారైతే ఎవరైనా తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. షాపుకే ఇచ్చినా పర్లేదు, కానీ మీరు తీసిన మూడు ఫైళ్లలో ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి, ఇది నా ఒరిజినల్, దీని మీదే చేయండి అని చెప్పండి.

నేనూ ఒకప్పుడు ఇవేవీ చేయలేదులెండి. 2012 ప్రాంతంలో అదే బోర్డు కదా అని వేరే రివిజన్ ఫైల్ రాసేశా, కాపీ లేదు, ప్రోగ్రామర్ అనేది ఒకటుందనే తెలియదు. అప్పటి బోర్డుల్లో చిప్పు సాకెట్లో ఉండేది కాబట్టి బతికిపోయా. ఫ్రెండ్‌ది సరిగ్గా అలాంటి బోర్డే, అది ఆన్ చేసి, డాస్‌లోకి వెళ్లాక నడుస్తుండగానే వాడి చిప్పు పీకి, నా చచ్చిన చిప్పు అక్కడ పెట్టి, ఫ్లాష్ కమాండ్ కొట్టాం. అయ్యేదాకా ఇద్దరం ఊపిరి తీసుకోలేదు. వాడు ఇప్పటికీ నన్ను తన పీసీ దగ్గరికి రానివ్వడు.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది సిద్దిపేట. నా దగ్గర పాత హెచ్61 బోర్డు, ఐ5 3470 ఉంది. సాటా కాకుండ పీసీఐ మీద నడిచే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ కొన్న, అడాప్టర్‌ల పెట్టిన, విండోస్‌ల కనిపిస్తుంది గానీ దాని మీదికెళ్లి బూట్ అయితలేదు. బయాస్‌ల ఎన్‌వీఎంఈ మాడ్యూల్ కలిపితే అయితదని వీడియోల చూసిన. చెయ్యాల్నా వద్దా?

జవాబు: తమ్ముడూ, చెయ్యొచ్చు, కానీ పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఆ బోర్డు తయారైన నాటికి ఎన్‌వీఎంఈ డిస్కులు మార్కెట్లో లేవు, కాబట్టి బయాస్‌కి దాని భాష రాదు. ఆ భాష నేర్పే చిన్న డ్రైవర్ మాడ్యూల్ ఒకటుంది, దాన్ని యూఈఎఫ్ఐటూల్‌తో మిగతా డ్రైవర్ల వరసలో చివరన చేర్చి రాస్తే బూట్ అవుతుంది, ఎంతోమంది చేశారు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ కాలం చిప్పుల్లో చోటు తక్కువ, కొన్నిటిలో మాడ్యూల్ పట్టదు. పట్టినా చేర్చేటప్పుడు టూల్ పక్కనున్న ఖాళీ ఫైళ్లని అటూ ఇటూ జరపొచ్చు, అది గమనించకుండా రాశారంటే బోర్డు లేవదు. చేర్చాక ఒరిజినల్‌నీ కొత్తదాన్నీ రెండు కిటికీల్లో తెరిచి ఒక్కో లైనూ పోల్చి చూసుకోవాలి.

అంత అవసరం లేకుండా క్లోవర్ అని ఒక బూట్‌లోడర్ ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోనో పాత హార్డ్ డిస్క్‌లోనో వేసి, ఎన్‌వీఎంఈ డ్రైవర్ దాని ఫోల్డర్‌లో పెడితే, బయాస్ ముందు క్లోవర్‌ని లేపుతుంది, క్లోవర్ ఎన్‌వీఎంఈని లేపుతుంది. బయాస్‌లో ఒక్క అక్షరం మారదు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకెయ్యడమే.

ఇంకోటి, అడాప్టర్ ఏ స్లాట్‌లో పెట్టినవ్? చిన్న ఎక్స్1 స్లాట్ అయితే హెచ్61లో అది రెండో తరం పీసీఐ, లెక్క ప్రకారం సెకనుకి 500 ఎంబీయే, నిజంగా ఇంకా తక్కువ. హెచ్61లో సాటా కూడా పాత 3 గిగాబిట్ రకం, సుమారు 300 దాటదు, కాబట్టి దానికంటే నయమే గానీ డబ్బా మీద రాసిన వేల ఎంబీలు కలలో కూడా రావు. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పెద్ద స్లాట్ ఖాళీగా ఉంటే అందులో పెట్టు, తేడా నీకే తెలుస్తది.

ఒకవేళ చేసే తీరాలనిపిస్తే, హెచ్61 బోర్డుల్లో చాలావాటికి చిప్పు సాకెట్లోనే ఉంటుంది, చేత్తో ఊడొస్తుంది. దాని కాపీ తీసి దాచుకుని, అలాంటిదే ఇంకో ఖాళీ చిప్పు కొని మాడ్ చేసింది దాంట్లో రాయి. పని చేయకపోతే పాతది తెచ్చి పెట్టుకుంటావ్. ఇంత హాయి ఇప్పటి బోర్డుల్లో లేదు.

ప్రశ్న: హాయ్ అండి, హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నాను. నా గేమింగ్ లాప్‌టాప్ బాగా వేడెక్కుతుంది. ప్రాసెసర్‌కి వోల్టేజ్ తగ్గించి అండర్‌వోల్ట్ చేద్దామంటే బయాస్‌లో లాక్ అయి ఉంది. దాచిన మెనూలు తెరిచే మాడ్ బయాస్ ఉందట, లేదా ఏదో కమాండ్‌తో ఒక్క విలువ మార్చేస్తే లాక్ పోతుందట. సేఫేనా?

జవాబు: లాక్ ఎందుకొచ్చిందో ముందు చెప్తా, కోపం కొంచెం తగ్గుతుంది. 2019 డిసెంబర్లో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. సాఫ్ట్‌వేర్‌తో వోల్టేజ్ తగ్గించి ప్రాసెసర్‌ని తడబడేలా చేసి, లోపల భద్రంగా దాచుకున్న రహస్యాలు లాగొచ్చని పరిశోధకులు చూపించారు. దాంతో కంపెనీలన్నీ అప్‌డేట్ల మీద అప్‌డేట్లు పంపి ఆ తలుపు మూసేశాయి.

మాడ్ బయాస్ మీ లాప్‌టాప్‌లో దాదాపు కుదరదు. 2013లో ఇంటెల్ నాలుగో తరంతో బూట్ గార్డ్ తెచ్చింది, బయాస్ మీద కంపెనీ సంతకం ఉందా లేదా అని ప్రాసెసర్ ఆన్ అయ్యేటప్పుడే చూసుకునే ఏర్పాటు. ఆ తాళం ఫ్యాక్టరీలోనే చిప్‌సెట్‌లో ఒకసారి కాల్చేస్తారు, ఇక మారదు. అది వేసి ఉన్న మెషీన్‌లో మీరు సంతకం పరిధిలో ఉన్న ఒక్క బైటు మార్చినా ఆన్ అవ్వదు. ప్రోగ్రామర్‌తో రాసినా అంతే. ఏఎండీలోనూ ఇలాంటిదే ఇంకోటుంది.

రెండో దారి, ఆ ఒక్క విలువ మార్చడం, ఇది సంతకం జోలికి పోదు కాబట్టి పనిచేస్తుంది, అందుకే అది ఇంకా ప్రమాదం. మెనూ సెట్టింగులన్నీ ఒక పెద్ద వరసలో బైట్లుగా ఉంటాయి, ఫలానా స్థానంలో 1 తీసి 0 రాయమని చెప్తారు. ఆ స్థానం మోడల్‌కీ, అదే మోడల్‌లో బయాస్ వెర్షన్‌కీ మారిపోతుంది. పాత పోస్టులో చూసిన నంబర్‌తో రాస్తే మీరు మార్చింది వోల్టేజ్ లాకో, డిస్‌ప్లే ఆపేసే సెట్టింగో దేవుడికే తెలియాలి. సెల్ పీకితే రీసెట్ అవుతుంది కదా అంటారేమో, లాప్‌టాప్‌ల్లో ఈ విలువలు ఉండేది ఆ ఫ్లాష్ చిప్పులోనే, సెల్ పీకినా కదలవు. అప్పుడు నెల్లూరు తమ్ముడిలాగా క్లిప్పు పట్టుకోవాల్సిందే.

ముందు వెనక మూత తీసి దుమ్ము దులిపి థర్మల్ పేస్ట్ మార్పించండి, విండోస్ పవర్ సెట్టింగ్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 99 శాతం పెట్టి చూడండి, టర్బో ఆగిపోయి వేడి ఎంత దిగుతుందో మీకే ఆశ్చర్యమేస్తుంది.

ప్రశ్న: నమస్తే అండి, మ్యూనిక్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, సొంతూరు ఏలూరు. ఇక్కడ పాత థింక్‌ప్యాడ్ ఎక్స్230 చవగ్గా దొరికింది. కొత్త వైఫై కార్డు వేస్తే 1802 ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. కంపెనీ బయాస్ బదులు కోర్‌బూట్ వేయాలని ఉంది. మొదటిసారి చేసేవాళ్లు చేయగలరా?

జవాబు: మీరు అడిగినవాటిలో నాకు చెయ్యాలనిపించే పని ఇదొక్కటే! నేర్చుకోడానికి ఎక్స్230 కంటే మంచి మెషీన్ లేదు, మూడో తరం ఇంటెల్ కాబట్టి బూట్ గార్డ్ గొడవ లేదు. ఆ ఎర్రర్ ఏంటంటే, అందులోని బయాస్ దగ్గర అనుమతి ఉన్న వైఫై కార్డుల జాబితా ఒకటుంది, మీ కార్డు పేరు దాంట్లో లేదు. కోర్‌బూట్‌లో ఆ జాబితానే ఉండదు.

కోర్‌బూట్ 1999లో అమెరికాలో లాస్ అలమోస్ ల్యాబ్‌లో రాన్ మిన్నిక్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్, అప్పుడు లైనక్స్‌బయాస్ అనేవారు, 2008లో పేరు మార్చారు. ఎక్స్230లో ఒకటి కాదు, రెండు చిప్పులు ఉంటాయి, 8 ఎంబీ ఒకటి, 4 ఎంబీ ఒకటి, రెండూ కలిపి 12 ఎంబీ ఒకే ముక్కలా పనిచేస్తాయి. చేతులు ఆనించే ప్లాస్టిక్ పలక, కీబోర్డు తీస్తే కనిపిస్తాయి. నెల్లూరు జవాబులో చెప్పిన పటం, మేనేజ్‌మెంట్ ఇంజిన్, లాన్ గది 8 ఎంబీ దాంట్లో ఉంటాయి, దాన్ని మీరు ముట్టుకోకపోయినా పర్లేదు, 4 ఎంబీ దాంట్లో ఒక్కదాంట్లో కోర్‌బూట్ రాసుకుంటే చాలు. స్క్రీన్‌కి దగ్గరగా ఉండేది 4 ఎంబీది. అయినా రెండింటి మీదా రాసింది చదివి నిర్ధారించుకోండి, మోడల్‌లో ఏ కంపెనీ చిప్పు వేశారో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. కాపీ మాత్రం రెండింటివీ తీయాలి, మూడేసి సార్లు.

మరిచిపోయే మాట ఒకటి. కీబోర్డు, బ్యాటరీ, ఫ్యాన్‌లని చూసుకునే ఎంబెడెడ్ కంట్రోలర్‌కి వేరే ఫర్మ్‌వేర్, అంటే దాని సొంత ప్రోగ్రామ్, ఉంటుంది, దాని అప్‌డేట్ కంపెనీ బయాస్ ఉన్నంతవరకే వస్తుంది. అందుకని ముందు దాన్ని సరిచేసుకుని, తర్వాత కోర్‌బూట్‌కి వెళ్లండి. ఇక ఆ సాహసమంతా వద్దు వైఫై పనిచేస్తే చాలు అనుకుంటే, జాబితాలో ఉన్న కార్డు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని పెట్టుకోవడం కూడా తప్పేం కాదు.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి రాస్తున్నాను సార్. పీసీ బాగానే నడుస్తోంది, ఐ7 14700కే. నడిచే బండిని ఎందుకు కెలకాలి, బయాస్ అప్‌డేట్ చేయొద్దు అని అందరూ అంటారు. మీరేమంటారు?

జవాబు: మామూలుగా నేనూ అదే అంటాను. మీకు మాత్రం అనను, ఈరోజే చేయండి. మీ ప్రాసెసర్ ఉన్న 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు అవసరానికి మించి వోల్టేజ్ అడిగి తమని తామే అరగదీసుకుంటున్నాయని తేలింది. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్లో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్‌లు, అంటే ప్రాసెసర్ లోపలి సూచనలకి సవరణలు, ఇచ్చింది, అవి బయాస్ అప్‌డేట్‌తోనే వస్తాయి. అరిగిపోయినది మాత్రం అప్‌డేట్‌తో వెనక్కి రాదు, ఇప్పటికే గేములు ఊరికే క్రాష్ అవుతుంటే వారంటీకి వెళ్లండి, ఇంటెల్ ఆ చిప్పులకి వారంటీ రెండేళ్లు పెంచింది కూడా. 2023 ఏప్రిల్లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌తో సహా కాలిపోయినప్పుడూ ఇంతే, కొత్త బయాస్‌లో ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజ్‌ని 1.3 వోల్టుల దగ్గర కట్టేశారు. అందుకే అప్‌డేట్ కింద ఏం మారిందో రాసిన లైన్లు చదివి, ప్రాసెసర్ ప్రాణానికి, సెక్యూరిటీకి సంబంధించినది అయితే చేయండి, మన దగ్గర లేని ప్రాసెసర్‌కి సపోర్ట్ ఇచ్చామని ఉంటే వదిలేయండి.

ప్రశ్న: సార్, బయాస్‌కి వైరస్ పడుతుందా?

జవాబు: పడుతుంది, కొత్తేం కాదు. 1998లో తైవాన్ విద్యార్థి ఒకతను రాసిన సీఐహెచ్ వైరస్ మరుసటి ఏడాది ఏప్రిల్ 26న లేచి, హార్డ్ డిస్కులు తుడిచేసింది, వీలైన చోట బయాస్ చిప్పులో కూడా చెత్త రాసేసింది. అప్పటి చిప్పులకి రాయకుండా ఆపే తాళం సరిగా ఉండేది కాదు. 2023 డిసెంబర్లో లోగోఫెయిల్ అని బయటపడింది, ఆన్ చేయగానే కనిపించే కంపెనీ బొమ్మ ఉంది చూడండి, ఆ బొమ్మని చదివే కోడ్‌లోనే లోపాలు. మాడ్ ఫైళ్లు ఎక్కడ పడితే అక్కడ దించుకునే వాళ్లకి నేను చెప్పేది ఇదే, విండోస్‌కి పడితే ఫార్మాట్ చేస్తే పోతుంది, చిప్పులో కూర్చుంటే ఫార్మాట్ చేసినా అక్కడే ఉంటుంది.

ప్రశ్న: ఒక చిప్పుని ఎన్నిసార్లు ఫ్లాష్ చేయొచ్చు? నేను ఇప్పటికే ఆరేడు సార్లు చేశాను, అరిగిపోతుందా? (వరంగల్ నుంచి)

జవాబు: మామూలు విన్‌బాండ్ చిప్పుకి ఒక్కో చోట లక్షసార్లు చెరిపి రాయొచ్చని కంపెనీ కాగితాల్లోనే ఉంటుంది. రోజుకొకసారి చేసినా 270 ఏళ్లు పడుతుంది. క్లిప్పు పళ్లు మాత్రం అంత రావు, నాది ఇప్పుడు నాలుగోది.